మేలుకొలుపు కంపెనీ

ఏమిటీ, లోగోనా? ఇప్పటికి జడ క్లిప్పులు ఎన్ని చేశావమ్మా? ఒక్కటీ లేదూ! ముందు లోగో, తరవాత బోర్డు, ఆ తరవాత తీరిగ్గా సరుకు. అచ్చం ఈ తాత పోలికే. మీ అమ్మ వైపు వాళ్ళ మీదికి నెట్టకు, వాళ్ళు బుద్ధిమంతులు. కూర్చో. నేనూ పదో తరగతిలో కంపెనీ పెట్టినవాణ్ణే. నవ్వకు. మేలుకొలుపు కంపెనీ. అట్టముక్క మీద ఎర్రరంగుతో రాశాను, కింద నా పేరు, పక్కన ప్రొప్రయిటర్ అని. రబ్బరు స్టాంపు కూడా చేయించాను. దేని మీద వేస్తావురా అంటే, అరచేతి మీద వేసుకుని మురిసిపోయేవాణ్ణి. పనంతా కోడిగాడిది. కోడి అంటే మనిషేనమ్మా, నా పక్క బెంచీవాడు. వాళ్ళ నాన్న మిల్లులో రాత్రి వాచ్‌మన్. తెల్లారకముందే ఇంటికొచ్చి తలుపు మీద ఒక్క వేలితో ఇలా కొట్టేవాడు. అంతే, వీడు లేచి గడియ తీయాలి. చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. రానురాను ఆ చప్పుడు కూడా అక్కర్లేకుండా, ఎవరూ లేపకుండా లేచేవాడు, అందుకే కోడి అన్నాం! నాకది ఇంద్రజాలంలా ఉండేది. మా నాన్న అలారం గడియారం కొని నా చెవి దగ్గర పెడితే వీధి వీధంతా లేచింది, నేను తప్ప.

ఎక్కడున్నాం? ఆ, పరీక్షలు. పరీక్షలు దగ్గర పడ్డాయి, క్లాసులో అందరిదీ ఒకటే ఏడుపు, తెల్లారగట్ల లేవలేకపోతున్నామని. నాకు ఆలోచన తట్టింది. ఒరేయ్ కోడీ, నువ్వెలాగూ లేస్తావు కదా, ఆ లేచేదేదో అందర్నీ లేపు, కంపెనీ పెడదాం అన్నాను. వాడు గోరు కొరుక్కుంటూ ఆలోచించి, "మరి నువ్వేం చేస్తావురా?" అన్నాడు. నేను చూసుకుంటాను అన్నాను. ఏం చూసుకుంటానో వాడు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పటికీ నాకు తెలీదు.

తలుపు తడితే ఇంట్లోవాళ్ళు తిడతారు, పేరు పెట్టి పిలిస్తే కుక్కలు మొరుగుతాయి. అందుకని తాడు. ఆ ఉపాయం కోడిగాడిదేలే, నాదని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. పడుకునేముందు కస్టమరు తన కాలి బొటనవేలికి తాడు కట్టుకుని, రెండో కొస కిటికీలోంచి వీధిలోకి వదలాలి. వీడొచ్చి లాగుతాడు. లోపలి నుంచి కాలు ఎదురు లాగిందా, లేచినట్టు లెక్క. మా క్లాసులో ఒక మహానుభావుడు తాడు తన వేలికి కట్టుకోకుండా వాళ్ళ తాతగారి వేలికి కట్టి హాయిగా పడుకునేవాడు. ఆ పెద్దాయన పాపం రోజూ లేచి కూర్చుని, "నాకు నరాల జబ్బేదో వచ్చిందిరా, తెల్లారేసరికి కాలు దానంతటదే పైకి లేస్తోంది" అని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాడు. మొదటి కస్టమరెవరో చెప్పనా? నేనే! ప్రొప్రయిటర్ని! మా కిటికీ దగ్గర కోడిగాడు ఎంత లాగినా, "ఇంకో అయిదు నిమిషాలురా" అనేవాణ్ణి. వాడు ఊరంతా తిరిగి మళ్ళీ వచ్చేవాడు. మళ్ళీ అదే మాట. ఓసారి విసుగొచ్చి తాడు కిటికీ చువ్వకి బిగించి పోయాడు. ఆ పూట లేచి నడవబోయి ఎలా పడ్డానో నీకెందుకులే.

పిల్లలతో మొదలైంది, పెద్దవాళ్ళకి పాకింది. మొదటి బస్సు డ్రైవరు మా కస్టమరే. వాళ్ళావిడ, "ఈయన్ని లేపే ఓపిక నాకు లేదు నాయనా, ఆ తాడేదో ఈయనకీ కట్టండి" అని తనే వచ్చి అడిగింది. అందరికీ బాగానే ఉంది. కోడిగాడికే కళ్ళు లోపలికి పోతున్నాయి. వాడి చదువు నాలాంటి సరదా చదువు కాదు. వాళ్ళ నాన్న ముందే చెప్పేశాడు: "పాసయ్యావా, కాలేజీకి పో. తప్పావా, ఇదిగో ఈ టార్చిలైటు నీది, ఆ మిల్లు గేటూ నీదే." వాడికి మిల్లంటే భయం. పగలు పడుకుని రాత్రుళ్ళు గేటు కాసే బతుకు వాడు ఇంట్లోనే చూశాడు కదా. ఇక చాలించరా కంపెనీ అంటే వినడు. "పరీక్షలప్పుడు ఆపేస్తే ఎలారా, నమ్ముకున్నారు" అనేవాడు. చూడు, ప్రొప్రయిటర్ అనాల్సిన మాట!

లెక్కల పరీక్ష రోజు అందర్నీ లేపాడు. నన్ను మూడుసార్లు. చివర డ్రైవరు గారింటికి వెళ్ళి తాడు లాగి, కాలు ఎదురు లాగాక, ఒక్క క్షణం కూర్చుందామని వాళ్ళ మెట్ల మీద కూర్చున్నాడు. అంతే. డ్రైవరు తయారై బయటికొచ్చి చూస్తే, పిల్లాడు గోడకి తల ఆనించి నిద్రపోతున్నాడు. ఇంకొకడైతే లేపేవాడు. ఆయన మంచివాడు. "పాపం, రోజూ మనల్ని లేపే బిడ్డ, ఒక్కపూట పడుకోనీ" అని తన ఖాకీ కోటు విప్పి వాడికి కప్పి, పిల్లిలా అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి బస్సెక్కాడు!

ఇక్కడ హాల్లో ప్రశ్నపత్రం చేతికొచ్చాక పక్క బెంచీ చూస్తే ఖాళీ. అరగంట దాటితే గేటు మూసేస్తారు. లేచి నిలబడ్డాను. "ఏంట్రా?" అన్నారు మాస్టారు. మావాడు రాలేదండీ అన్నాను. "నీకేమవుతాడు?" పార్ట్‌నరండీ. "దేనికి పార్ట్‌నరు?" కంపెనీకండీ, నేను ప్రొప్రయిటర్నండీ. హాలంతా నవ్వింది. నవ్విన ప్రతివాడూ ఆ పూట వాడు లేపితే లేచినవాడే. నాలుక్కరుచుకుని మళ్ళీ అందరూ ఆ ఖాళీ బెంచీ వైపే చూశారు. బయటికెళ్ళి తీసుకొస్తానండీ అంటే, "వెళ్ళు, మళ్ళీ రానివ్వను" అన్నారు. వెళ్ళానా? ఒక కాలు బెంచీ ఇవతల, ఒక కాలు అవతల, అలాగే నిలబడ్డాను. నా జీవితంలో పెద్ద పెద్ద నిర్ణయాలన్నీ అలాగే జరిగాయిలే, మీ నానమ్మనడుగు.

ఇంతలో హారను. మా బడి సందులోకి సైకిల్ రిక్షాయే కష్టంగా దూరేది, అలాంటిది బస్సు! డ్రైవరు మొదటి ట్రిప్పు ముగించుకుని టిఫినుకి ఇంటికొస్తే వీడింకా అక్కడే ఉన్నాట్ట. వాళ్ళావిడ చెప్పిందట, ఇవాళ పిల్లలకి పరీక్ష కాదుటండీ అని. ఇంకేముంది, బస్టాండులో అప్పటికే ఎక్కి కూర్చున్న జనంతో సహా బస్సు ఇటు తిప్పేశాడు. కూరగాయల బుట్టలు, కోళ్ళ గంపలు, కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి ఒకటే కేకలు, "ఆపండయ్యా, గేటు ఆపండి, పిల్లాడొస్తున్నాడు!" మోకాళ్ళ దాకా వేలాడే ఖాకీ కోటుతో, ఒంటికాలి చెప్పుతో దిగాడు కోడిగాడు. గేటు మూస్తున్న ప్యూను వీడి అవతారం చూసి, ఎవరో ఆఫీసరు అనుకున్నాడో ఏమో, సలాం కొట్టాడు.

పాసయ్యాడమ్మా. అంచున, కానీ పాసయ్యాడు. కాలేజీకెళ్ళాడు, తరవాత బస్సు డిపోలోనే టైమ్‌ కీపరయ్యాడు. ఇంకెక్కడ ఇమిడేవాడు? లెక్కల్లో తప్పింది నేను. కడుపునిండా నిద్రపోయి మరీ తప్పాను. సెప్టెంబరులో మళ్ళీ రాశాను, అప్పుడూ తాడు లాగింది వాడే. ఈ డిగ్రీ గిగ్రీ అంతా ఆ తాడు పుణ్యమే.

వాణ్ణి చివరిసారి చూసిందా? ఆసుపత్రిలో. చూడ్డానికి వెళ్తే కళ్ళు మూసుకుని ఉన్నాడు. వాళ్ళావిడ, పిలిచినా పలకట్లేదన్నయ్యా, నిన్నట్నుంచీ అంతే, అంది. పిలవడమేమిటి, మా పద్ధతి వేరు కదా. దుప్పటి కింద చెయ్యి పెట్టి బొటనవేలు పట్టుకుని లాగాను. మరోసారి లాగాను. తరవాత కాలు ఎదురు లాగింది. కళ్ళు తెరవలేదు గానీ, పెదాలు కదిలాయి. వంగి విన్నాను. "ఇంకో అయిదు నిమిషాలు, ప్రొప్రయిటర్ గారూ" అన్నాడు.

సరేరా, పడుకో అన్నాను. బయట బెంచీ మీద కూర్చున్నాను. అయిదు నిమిషాలే కదా అని.

...ఆ క్లిప్పుల సామాను ఇలా తే అమ్మా. చూద్దాం, ఒకటన్నా చేద్దాం.