ఏడో నంబరు ఇంజిన్

ఏటి యువరాజా, టేసను ముందర నిలబెట్టిన ఆ పాత ఇంజిన్ని ఫొటో తీసినావా? దాని ఒంటి మీద నాలుగని రాసున్నాది, సూసినావా? అది రాసింది మా దానియేలు బావే. ఆడు పోయి ఇన్నేళ్లయినా ఆడి మీద నాకు కోపం సల్లారలేదురా.

నౌపడ షెడ్డులో ఆడు పేయింటరు, నాను ఫైర్మేన్ని. ఈ అప్పలరాజు బొగ్గెత్తాడంటే లైను సివర గుణుపురంలో దిగినోళ్లకి కూడా సెమటలు పట్టీసేవి, అబద్ధమైతే నా మీసం తీసీ! దానియేలుది మాత్రం సెయ్యంటే సెయ్యే. పలాస బాప్టిస్టు గుడి గోడ మీద వాక్యాలన్నీ గీత గియ్యకుండా రాసీసినాడు. మన సన్న పట్టాల రైలు ఇంజిన్లకి రంగు మారినా, నంబరు మారినా ఆడి కుంచే తిరగాల. లైను రాజావారి సేతిలో ఉన్ననాడు ఒక నంబరు, రైల్వే తీసుకున్నాక ఇంకో నంబరు. ఓపాలి ఆకుపచ్చ, ఓపాలి నలుపు. పైన ఏం పూసినా, సక్రాలు తిప్పే రాడ్డు మీద రైల్వే నంబరు సుత్తితో గుద్దీసుంటాది, అది సెరగదు. ఏడో నంబరంటే ఆడికి ప్రాణం. ఆళ్ల నాన్న ఇరవై ఏళ్లు దాంట్లోనే బొగ్గేసినాడు.

ఓపాలి పెద్దాఫీసరు తనిఖీకొస్తన్నాడు. ఆయన బండిని నాలుగో నంబరు లాగాలని కాయితం. పొద్దున్న సూస్తే నాలుగుకి బోయిలరు కారిపోతన్నాది. ఫోర్‌మేను రమణమూర్తిగారు, “ఒరే దానియేలూ, ఏడు మీద నాలుగెయ్యి, నాలుగు మీద ఏడెయ్యి. రేపు మార్సీసుకుందాం” అన్నాడు. ఈడు ఏసీసినాడు. ఆ బండికి పొయ్యి దగ్గర నానే! ఆఫీసరు నా భుజం తట్టి, “నీలాటోడు ఇండియాలోనే లేడోయ్” అన్నాడు. సర్లే, అది వేరే కథ. ఆ రేపు మాత్రం మరి రాలేదు. ఎవులికి పట్టింది? ఇరవై ఏళ్లు అలగే తిరిగీసినాయి.

ఆవిరి బళ్లు ఆగిపోనాయి, రెండూ షెడ్డు మూలన తుప్పట్టినాయి. రెండు వేల నాలుగులో లైనే మూసీసినారు. అప్పుడొచ్చింది ఆర్డరు: నాలుగుకి రంగేసి టేసను ముందర పెట్టండి, ఏడుని తుక్కు కింద కోసీండి. అర్థమైందా? నాలుగు నంబరుతో ఉన్నది ఆడి నాన్న ఇంజినే! బతికిపోనాది! నోరు మూసుకుని కూకుంటే సాలు. ఆడి పెళ్లాం జీవరత్నమ్మ కూడా సెప్పింది: “మావయ్య ఇంజిన్ని దేవుడే దాసినాడు, మీరెందుకండీ కదుపుతారు?” అని. ఇన్నాడా?

ఆదివారం ఆరాధనయ్యాక తెల్లచొక్కాతోనే ఆ ఆర్డరిచ్చిన ఆఫీసరింటికి ఎలిపోనాడు. ఆయన్ని షెడ్డుకి తీసుకొచ్చి, రాడ్డు మీద రంగు కత్తితో గీకి సూపించినాడు. “ఇది ఏడండి. తప్పు నంబరు నా సేత్తోనే రాసినాను.” ఆయన తల పట్టుకున్నాడు: “ఇన్నేళ్లకి ఇప్పుడెందుకయ్యా?” “కింద రాతిపలక పెడతారంట కదండీ. పిల్లలు నిజమనుకుని సదువుకుంటారు.” ఓరి నా తండ్రే! ఏ పిల్లలురా? ఎవుడు సదివినాడు? నువ్వు సదివినావా ఆ పలక?

“ఐతే నువ్వే మార్సీవయ్యా” అన్నాడాయన. రెండిటికీ ఈడే మార్సినాడు. ఆళ్ల నాన్న ఇంజిన్ మీద ఏడు ఎంత అందంగా రాసినాడనుకున్నావు! మూడో రోజుకి దాన్ని కొయ్యడానికి గేసు కట్టరు ఒచ్చీసినాది. రంగు డబ్బా పట్టుకుని సివరిదాకా నిలబడిపోనాడు. తరవాత మరి కుంచె ముట్టలేదు. ఆ ఏడాది క్రిస్మసుకి గుడి గోడకి రంగు కూడా వేరేవోడే ఏసినాడు. క్రిస్మసు అయ్యాక నెలకే పోనాడు.

ఉన్నట్టుండి ఆడికి ఆ బుద్ధెందుకు పుట్టిందంటావా? అదే మరి. టెక్కలి టీ బడ్డీ దగ్గర ఎవుడో అన్నాడు, పది మందిలో: “గోడల మీద దేవుడి మాట రాస్తావు, ఇంజిన్ మీద దొంగ నంబరేసి నాన్న బండిని బతికించుకున్నావు, గట్టోడివే బావా!” అని. సరదాకే అన్నాడు. అందరూ నవ్వినారు కూడాను. ఆడొక్కడే నవ్వలేదు. గలాసు అక్కడెట్టీసి ఎలిపోనాడు.

అన్నోడెవుడా?

...ఏదీ, ఆ ఫొటో ఇటు సూపించు. కళ్లజోడెక్కడ పడీసినాను... ఒలే అమ్ములూ, టీ ఎంతసేపే!