ఫుల్‌స్టాప్ లేని వాక్యం

యూనివర్సిటీ న్యాయశాస్త్ర పత్రిక ‘లా రివ్యూ’కి యాభై ఏళ్లు నిండాయని ఇప్పటి కుర్రకారు దాని చరిత్రను అచ్చు వేశారు. చూపు పోయిన ముసలాయన చెవులు రిక్కించి కూర్చుంటే భార్య చదివి వినిపిస్తోంది. ఒకప్పుడు ఆ పత్రిక ప్రూఫులు దిద్దింది వాళ్లిద్దరే. ఆమె కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదివేది, ఆయన వేలు పెట్టి సరిచూసేవాడు.

“‘తొలి సంచికలో కామా ప్రిన్సిపాల్ ఫొటో తలకిందులుగా పడింది ఫుల్‌స్టాప్.’”

“అది మాత్రం మర్చిపోలేదు వెధవలు!”

“‘మూడో ఏట కాగితం కరువై కామా పత్రిక సగానికి చిక్కిపోయింది ఫుల్‌స్టాప్.’”

“అప్పుడు సంపాదకుణ్ణి నేనే. నా ఊసెత్తారా?”

“తొందరేమిటండీ, కొత్త పెళ్లికొడుకులా!”

“ఇంకెంత మిగిలింది?” అన్నాడాయన, పుస్తకం చివరికొచ్చేసరికి.

“ఒక్క పేజీ.” ఆమె గొంతు సవరించుకుంది. “‘ఆ గడ్డుకాలంలో పత్రికను కన్నబిడ్డలా సాకిన సంపాదకుణ్ణి మేము ఎన్నటికీ మరువం.’”

ఆయన తల ఆమె వైపు తిప్పాడు.

“ఫుల్‌స్టాప్ ఏదే?”

“ఆఁ... మర్చిపోయాను.”

“నువ్వా? నిద్రలో కూడా కామాలు కలవరించేదానివి! ఆ మాట అచ్చులో లేదు కదూ?”

“లేదండీ. మీ పేరే ఎత్తలేదు సన్నాసులు. చిన్నబుచ్చుకుంటారని నేనే...”

ఆయన తడుముకుంటూ వచ్చి, ఆమె ఒళ్లోని పుస్తకం మీద వేలు ఆనించాడు.

“ఆ వాక్యం మళ్లీ చదువు. ఈసారి ఫుల్‌స్టాప్‌తో సహా. నేను సరిచూస్తాను.”