పలకని పెట్టె మాట విన్నవారు

నీటి సరఫరా కార్యాలయపు నక్షాల విభాగంలో, అందరూ ఆప్యాయంగా ‘స్టోరేజీ గారు’ అని పిలుచుకునే పెద్దమనిషి ఉద్యోగంలో చేరినది పంతొమ్మిది వందల తొంభై మూడు, జూలై ఒకటో తేదీన. ఆ ఉదయం వారింట్లో గొడుగు మీద చిన్న తగువు జరిగింది. “గొడుగు పెట్టుకున్నారా?” అని శ్రీమతి వంటింట్లోంచి ఎన్నిసార్లు అడిగినా వారు పలకలేదు.

“పెట్టుకున్నాక మళ్లీ చెప్పేదేముంది?” అన్నారు, గుమ్మం దగ్గర దొరికిపోయి.

“చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా?”

“తేడా వస్తే చెప్తాగా! చెప్పలేదంటే అంతా బాగున్నట్టే.”

ఈ సూత్రాన్ని వారు ఇంటా బయటా నిష్ఠగా పాటించారు.

చిరుగులు పడుతున్న కాగితపు నక్షాలను ఒక్కొక్కటిగా కంప్యూటరుకెక్కించి, నేల కింది ప్రతి గొట్టాన్నీ, ప్రతి వాల్వునూ ఒకే నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలో భద్రపరచి, ఎవరి కుర్చీలో వారు కూర్చునే చూసుకొనే సౌకర్యం కల్పించిన ఘనత వారిదే. ఆ పెట్టెను కనిపెట్టి ఉండేందుకు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా అందులో ఇన్‌స్టాల్ చేశారు. డిస్కులు వేడెక్కినా, జాగా నిండినా ఫోనుకు కబురొస్తుంది. కబురు లేకుంటే క్షేమం.

ఒక సోమవారం ఏ గదిలోనూ నక్షా తెరుచుకోలేదు. పెట్టె ఆగిపోయింది, దానిలోనే ఉన్న కాపలా కూడా దానితోపాటే ఆగిపోయింది. అంతకుముందు సెలవు రోజులన్నిటా ఫోను మౌనంగా ఉంటే, వారు నిశ్చింతగా ఉన్నారు. పెట్టెను తిరిగి నడిపించారు గానీ, పై అధికారి ముఖానే అనేశారు: “ఇంకోసారి ఇలాగైతే పెట్టెను బయటి కంపెనీకి అప్పగిస్తామండీ. మీ కాపలాకో దండం!”

ఇంటికొచ్చి భోజనం దగ్గర జరిగింది చెబితే శ్రీమతి నవ్వు ఆపుకోలేకపోయారు. “మీ పెట్టెకూ మీ బుద్ధే వచ్చిందన్నమాట. పలక్కపోతే బాగున్నట్టని ఎవరు చెప్పారు దానికి?”

వారి నోటి దగ్గరి ముద్ద అలాగే ఆగింది. మర్నాడే కాపలా బాధ్యతను పక్కగదిలోని పాత కంప్యూటరుకు మార్చారు. పెట్టె నిమిషనిమిషానికీ ‘ఉన్నాను’ అనాలి. అనకపోతే పాత కంప్యూటరు ఫోనులో గంట మోగించాలి.

వానాకాలంలో ఒక సెలవు మధ్యాహ్నం ఆ గంట మోగింది: ‘పెట్టె పలకడం లేదు.’ వారు కాలికో రకం చెప్పు వేసుకుని కార్యాలయానికి పరుగెత్తారు. గది తలుపు తీస్తే, ఏసీ నుంచి ధారగా నీళ్లు; తడిసిన వైర్లు; పెట్టె నెత్తిన మడుగు. కరెంటు ఆపి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పెట్టెను బయటికి తెచ్చి, తుడిచి, పూర్తిగా ఆరాక నడిపిస్తే, ఒక్క గీత చెరగకుండా నక్షాలన్నీ తెరుచుకున్నాయి! పై అధికారి అందరి ముందూ లేచి నిలబడ్డారు. “పెట్టె మీదే, కాపలా మీదేనండీ. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను” అన్నారు. నాటినుంచి శాఖా కార్యాలయాలన్నీ ఆ పద్ధతినే శిరసావహించాయి.

పదవీ విరమణకు ముందటి ఆదివారం, భోజనాల దగ్గర కూతురు అడిగింది: “నాన్నా, ఇక ఆ గంట మోగదా?”

“నా సీట్లోకొచ్చే అమ్మాయి ఫోనుకు మార్చేశానమ్మా. ఇకమీదట మీ అమ్మ పిలవక్కర్లేదు, గంటకోసారి నేనే ‘ఉన్నాను’ అంటాను. ఇదే నా నిర్ణయం.”

“గంటకోసారా! నా చెవులేం కావాలి?” అన్నారు శ్రీమతి, వడ్డిస్తూనే. “పిలిచినప్పుడు పలకండి, అదే పదివేలు.”

పిలిస్తే పలుకుతాననే మాటను స్టోరేజీ గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ నిలబెట్టుకోవాలనీ, ఆ ఇంట పిలుపూ దానికి బదులూ చిరకాలం వినబడుతూ ఉండాలనీ సహోద్యోగులందరి ఆకాంక్ష.