నొప్పి తలుపుకి తాళం వేసినవాడు

"నా బుగ్గ వాపు చూసి జాలిపడకండి. నాకు నొప్పీ గిప్పీ ఏం లేదు. మా ఆవిడ పోరు పడలేక వచ్చి ఈ పళ్ల డాక్టరు బెంచీ మీద కూర్చున్నాను గానీ, నొప్పితో నాకు ఎప్పుడో తెగతెంపులైపోయాయి. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, అడిగారు కాబట్టి చెప్తున్నా."

"ఎవరూ అడగలేదు," అంది పక్కనే కూర్చున్న భార్య. "మొన్న ఈ గుమ్మం దాకా వచ్చి పారిపోయారు. ఇవాళ ఆ పన్ను పీకించందే నేను కదలను."

ఆయన ఆ మాట విననట్టే బెంచీ మీద మిగతావాళ్ల వైపు తిరిగాడు.

"నాది తాళాలు బాగుచేసే పని కదా. మందుల మీద పరిశోధన చేసే చోట ఫ్రిజ్ తాళం బిగుసుకుపోయిందని పిలిచారు. తీసిచ్చాను. అంతే నేను చేసింది. కాకపోతే అక్కడి పెద్ద మేడమ్ దిగాలుగా కూర్చునుంటే, ఏంటమ్మా సంగతి అన్నాను. దెబ్బ తగిలితే ఆ కబురు నరం వెంట వెన్నులోకి వస్తుందట, అక్కడ నరం కొసన బుల్లి బుల్లి తలుపులుంటాయట, అవి తెరుచుకుని కాల్షియం లోపలికి దూరితేనే కబురు అవతలి నరానికి అందుతుందట. తలుపు మూసేస్తే నొప్పి తెలీదు. కానీ గుండెలోనూ అలాంటి తలుపులే ఉన్నాయట, అన్నీ కలిపి మూస్తే అసలు మనిషే ఉండడు. అప్పుడు నేనేమన్నానో తెలుసా?"

"ఏమన్నారు?" అంది బుగ్గకి చెయ్యి ఆన్చుకున్న టీచరమ్మ.

"ఇంట్లో తలుపులన్నిటికీ ఒకే తాళం ఎవరైనా వేస్తారా మేడమ్, గుండె జోలికి పోకుండా వెన్నులో తలుపుకి వేరే తాళం చెయ్యండి అన్నాను. ఆవిడ కళ్లలో నీళ్లు! ఇన్నేళ్ల చదువులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదయ్యా అంది. మందు తయారవగానే మొదటి గోళీ ఎవరికి? నాకే! మింగి బయటికొచ్చానో లేదో, లారీ నా కాలెక్కి ఆగింది. నాకు తెలిస్తేగా! డ్రైవరే దిగొచ్చి, మీ కాలు టైరు కింద ఉందండీ అని చెప్పాడు. ఇంటికెళ్లి పొయ్యి మీద చెయ్యి ఆనించి పేపరు చదువుకుంటున్నాను, మాడు వాసనొస్తోందని మా ఆవిడ కేకేస్తే గానీ..."

"నేనప్పుడు పుట్టింట్లో ఉన్నాను."

"ఉంటే కేకేసేదానివి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మందు నన్ను దాటి చుట్టుపక్కలకి పాకింది. నేను వీధిలో నడుస్తుంటే కిందపడ్డ పిల్లలు ఏడుపు మానేసేవారు. పురుళ్ల ఆసుపత్రి ముందునుంచి వెళ్తే లోపల కేకలు ఆగిపోయేవి, బిడ్డ పుట్టిందన్న సంగతి తల్లికి పక్కవాళ్లు చెప్పాల్సొచ్చేది! చివరికి డాక్టర్లే వచ్చి, నువ్విలా తిరిగితే మేం ఏం తిని బతకాలి బాబూ అని బతిమాలారు. పోనీలే అని ఇంట్లోనే ఉంటున్నాను."

లోపలి గది తలుపు తెరుచుకుంది. చేతికి గ్లవుజులు తొడుక్కుంటూ డాక్టరు గుమ్మంలో నిలబడింది.

"అంతా విన్నానండీ. మీ వంతే. అందరికీ మత్తు సూది వేసి పీకుతాను, మీకెందుకది దండగ? రండి, ఉత్తినే లాగేద్దాం."

టీచరమ్మ డాక్టరుకి చేతులెత్తి దణ్ణం పెట్టినంత పని చేసింది. భార్య నవ్వు ఆపుకుంటూ ఆయన మోచెయ్యి పట్టుకుని లేపింది. ఆయన గుమ్మం దాకా వెళ్లి, డాక్టరు దగ్గరగా వంగి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ పరిశోధనల్లో ఒక పద్ధతి ఉంటుంది. సగంమందికి మందిస్తారు, సగంమందికి ఉత్త పిండి గోళీలిస్తారు. ఎవరికేది ఇచ్చారో చెప్పరు."

"అయితే?"

"నాది పిండి గోళీ అయ్యుంటుందమ్మా. రెండు సూదులు వెయ్యండి."