సగం మందు

అమెరికాలో, ఓజార్క్ కొండల్లోని ఆ ఇంట్లో, పొద్దున్నే వంటబల్ల దగ్గర లవీనియా మొగుడి పాతకాలపు రివాల్వర్‌లో గుండ్లుండే గూళ్ళల్లో తుపాకీ మందు కూరుతోంది. ఎడమచేతికి కట్టుతో అతను ఎదురుగా కూర్చున్నాడు.

“అదేంటే, సగమే పోశావు? గూటి నిండా పొయ్యి.”

“నిండా పోస్తే ఎగదన్నుతుంది. ఒంటిచేత్తో ఆపలేవు.”

“మనదని గుర్తుగా పంది చెవికి పెట్టిన గాటు మార్చి తనదన్నాడు మీ అన్న. ఇవాళ ఎదురెదురుగా నిలబడి కాల్చుకునేటప్పుడు వాడికి తగిలితే చాలు, నా చెయ్యి ఏమైపోతేనేం?”

ఆమె మొక్కజొన్న పిండి గిన్నె దగ్గరికి లాక్కుంది.

“పిండెందుకు?”

“మందు తగ్గితే గుండు కింద ఖాళీ ఉండకూడదని నువ్వేగా నేర్పావు.”

“అది సరదాకి సీసాలు కొట్టేటప్పుడు! ఆ కొలతతో మనిషి చస్తాడా?”

“నా చేత్తో మా అన్నకి చావు కూరమంటావా?”

“మరి నా సంగతో? మీ అన్నకి దగ్గరి చూపు ఆనదు, కూరేది మీ వదినేగా. ఆవిడా సగమే పోస్తుందా?”

“అదే అడుగుదామని ఇందాక వాళ్ళింటికెళ్ళా. తలుపు తియ్యలేదు.”

“అయితే?”

“కిటికీలోంచి చూశా. బల్ల మీద మందుంది. పిండి లేదు.”



“తెలిసీ నాకు సగం పోస్తున్నావా?”

“నీ కళ్ళెదుటే పోస్తున్నాగా. ఈ తుపాకీ పట్టుకుని వెళ్ళగలిగితే వెళ్ళు.”