తుమ్ముల మాత్ర

తిరుపతి నించి తిరుచానూరుకు తిరిగిపోతా ఉండే బస్సు. గుండె డాక్టరుకు చూపించుకొని వస్తా ఉండే పూలంగడి ఏకాంబరం, పెండ్లాం జ్ఞానాంబ, ఇద్దరికీ ఒకే సీటు, ఇద్దరిలో ఎవరికీ ఓపిక లేదు.

"డాక్టరు అంత గుచ్చి గుచ్చి అడగతాంటే బెల్లం కొట్టిన రాయి మాదిరి కూసుంటివే! ఇంకేమన్నా మాత్రలు మింగతావా అంటే, నోరు తెరిస్తే నీ సొమ్మేం పోయె?"

"తుమ్ముల మాత్ర గూడా ఒక మాత్రేనా మే? ఏండ్ల తరబడి మింగతా ఉండా. నాకది వక్కాకు మాదిరి."

"వక్కాకంట, వక్కాకు! నేను చెప్పబట్టి సరిపోయె."

"నువ్వు చెప్పబట్టే తంటా వచ్చింది. నిన్నెవరు చెప్పమన్నారు?"

"నీ కాళ్లు చెప్పమన్నాయి. ఇప్పుడు బస్సు మెట్టెక్కేదానికి ఎంతసేపు పట్టె? కండక్టరు చెయ్యి పట్టి లాగలేదా? తొడలు పట్టుకపోయి రేయంతా మూలగతా ఉంటావు, నిద్ర లేక చస్తా ఉండేది నేను."

"గుండెకని ఇచ్చిన కొలెస్ట్రాలు మాత్ర కొందరికి పడకుంటే కాళ్లు నొస్తాయంట. ఆయనే చెప్పె గదా."

"ఆయన చెప్పింది అదొక్కటేనా? ఎక్కువ మింగినా నొస్తాయి, రోజుకొకటే గదా అనె. ఒకటే సార్ అంటివి నువ్వు. ఒకటే సార్ అంటి నేను."

"ఒకటే గదా మరి."

"ఒకటే. అందుకే ఆయన తుమ్ముల మాత్ర మీద పడె. అలర్జీ మాత్రల్లో కొన్ని కొలెస్ట్రాలు మాత్రతో పొసగవంట. పేరు చెప్పమ్మా అంటే నేనేం చెప్పేది? మందులంగడోడు రెండ్రెండు కత్తిరించిస్తాడు, పేరుండే ముక్క వాడి దగ్గరే ఉంటాది."

"అందుకని రెండూ ఆపెయ్యాల్నా?"

"రక్తం రిపోర్టు వచ్చేదాకా రెండూ ఆపమనె. ఆ పైన గుండెది మళ్లా మొదలుపెడతాడంట. తుమ్ములది మటుకు ఇంక ముట్టుకోవద్దనె."

"అమ్మవారి పంచమి తీర్థం తిరనాళ్లు ముందర పెట్టుకొనా! చామంతి బుట్ట తెరిస్తే చాలు, ముక్కులో కారం కొట్టినట్టుంటాది నాకు. అమ్మవారికి పొయ్యే పూలు వాసన గూడా సూడకూడదు. దండ మీద తుమ్మితే?"

"పక్కకి తిరిగి తుమ్ము."

"పోయిన మాఘంలో పక్కకి తిరిగే గదా తుమ్మితి! మాత్ర మర్చిపోయింది ఆ ఒక్క పొద్దే. పెండ్లోళ్లు దండ ఆడే పారేసి ఎదురంగడికి పోలేదా? శకునం చెడిందని ఆ పెండ్లికూతురు ఏడిస్తే, నాకు తల యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు. మర్చిపోయినావా?"

"మర్చిపోలా."

"నువ్వన్నా కడతావా అంటే నీ వేళ్లు వంగవు. అంగడి మూసేసి యాడికి పోదాం?"

"నాకు తెలీదు. నేను అలిసిపోయినా. నాకు నువ్వు ఉండాల, అంతే. అంగడి ఉంటే ఉంటాది, పోతే పోతాది."

"అట్లనొద్దు మే."

"ఏమనాల మరి? ఈ పొద్దు అంబలి గూడా సగం తాగి లేస్తివి."

"చేదుగా ఉండాది. వినాయక చవితి నించీ నీ అంబలి చేదే. పిండి మార్చినావా?"

"పిండికేమొచ్చె... కిటికీ వెయ్యి, దుమ్ము కొడతాంది. మళ్లా తుమ్ములొస్తాయి."

"జ్ఞానాంబా, నీకొక మాట చెప్పాల. అరవకూడదు."

"అరిసే ఓపిక యాడుండాది? చెప్పు."

"మన పక్కన టెంకాయలమ్మే చెంగల్రాయుడు ఒకనాడు చెప్పినాడు. రెండు రకాల మాత్రలూ కడుపులో కొట్లాడుకుంటాయి, ఒకటి మానుకో అని. వాడు వాడి గుండె మాత్ర మానేసినాడంట. సరేనని నేనూ గుండె మాత్ర..."

"మానేసినావు."

"నీకెట్ల తెలుసు?"

"దవనం బుట్ట అడుగున, తడిగుడ్డ కింద, మాత్రల అట్ట అట్లనే ఉండె. ఒక్కటి గూడా కదల్లా. చవితి ముందర సూసినా."

"గుండె ఆగితే నేనొక్కణ్ణే పోతా. తుమ్మితే అంగడి పోతాది, నువ్వు వీధిలో పడతావు. అందుకే మే. కానీ ఆ పైన..."

"నువ్వు పోతే మటుకు నేను వీధిలో పడనా? ఎంత సులువుగా అంటావయ్యా ఆ మాట!"

"నన్ను చెప్పనీ..."

"ముందు నన్ను చెప్పనీ! నీతో కొట్లాడి నేనెప్పుడన్నా గెలిచినానా? అందుకే మాట్లాడలా. ఇంకొక అట్ట కొనుక్కొచ్చి, పొద్దున్నే ఒకటి నూరి నీ అంబలిలో కలపతా ఉండా."

"ఏమంటివి?"

"చవితి నించీ. చెంగల్రాయుడు ఆ కొట్లాట మాట నాతోనూ అనుండె. రెండు మాత్రలూ కలిసి నిన్నేం చేస్తాయోనని, నువ్వు దండ కడతా ఉన్నంతసేపూ నీ ముఖమే సూస్తా ఉంటి. ఎంత భయపడినానో ఆ తల్లికే తెలుసు. తిట్టుకుంటావో కొడతావో నీ ఇష్టం."

"రోజూనా?"

"ఒక్క పొద్దు గూడా తప్పలా. అందుకే డాక్టరు అడిగితే ఒకటే సార్ అంటి. నువ్వన్నది అబద్ధం, నేనన్నది నిజం."

"ఆ తర్వాత ఆ దవనం బుట్ట ఎప్పుడన్నా తిప్పి సూసినావా?"

"సూడలా. సూస్తే మళ్లా కడుపు మండతాదని."

"సూసుండాల్సింది మే. చెంగల్రాయుడు టెంకాయల కుప్ప మీదే కూలబడి పానం ఇడిసినాడే, ఆ పొద్దు నాకు భయం పట్టుకొనె. ఆ సాయంత్రం నించీ ఆ గుండె మాత్ర నేనూ రోజుకొకటి మింగతానే ఉండా."