జోసఫన్న గుమ్మటం, నడిమి కర్ర

పాస్టరు గారూ, రెబ్కా వదినా, జోసఫన్న బిడ్డా, అమ్మా స్తుతీ, పని మానుకుని వచ్చిన తాపీవాళ్లూ, మిరప కోతల్లోంచి లేచొచ్చిన అమ్మలూ, అందరికీ దండాలు. నేను సెంట్రింగ్ చెంచయ్యని, శ్లాబుల కింద కర్రలు నిలబెట్టేవాణ్ని. నా చేతికి మైకిచ్చారంటేనే జోసఫ్ మేస్త్రి లేడని తెలిసిపోతోంది. ఉంటే ఇవ్వనిచ్చేవాడా?

ఏడో తరగతి తప్పినవాణ్ని. నేనెరిగిన ప్రపంచ చరిత్రంతా పరంజా మీద ఆయన పక్కన కూర్చుని విన్నదే. రోములో పంతొమ్మిది వందల ఏళ్ల నాటి గుమ్మటం ఉందట. ఇనుప చువ్వ ఒక్కటి లేదట. నడినెత్తిన పెద్ద కన్నం, వానొస్తే నీళ్లు లోపలే పడతాయట. "మన శ్లాబు కారితే తిడతారు, వాళ్లది కారితే టిక్కెట్టు కొని చూస్తారా అన్నా?" అన్నాను. ఆయన నవ్వలేదు. "పదమూడొందల ఏళ్లపాటు దాన్ని మించింది ఎవడూ కట్టలేకపోయాడురా" అన్నాడు, సొంత తాత కట్టినట్టు.

ఒకసారి బీజాపూరు గోల్ గుంబజ్‌కి తీసుకెళ్లాడు. అంత వెడల్పు గుమ్మటం, నడుమ ఒక్క స్తంభం లేదు. పైన వసారాలో గోడకి నోరు పెట్టి గుసగుసలాడితే అవతలి వైపుకి వినబడుతుంది. నేనూరుకుంటానా? అటు పోయి దేవుడిలా గొంతు మార్చి, "జోసఫూ, నీ గోడలన్నీ వంకరే" అన్నాను. గోడలోంచి జవాబొచ్చింది: "ప్రభువుకి బీడీ దగ్గుండదురా చెంచిగా!"

ఇప్పుడొక తప్పు ఒప్పుకోవాలి. గుమ్మటం కింద కర్రలు తీసేనాడు, పోసిన మేస్త్రి ఒక్కడే కింద నిలబడి నడిమి కర్ర తీయాలి. ఇది మన తాపీవాళ్ల కట్టుబాటు. మన దగ్గర ఇటుకలు మోసే ఖుర్షిదమ్మ వాళ్ల ఊరి మసీదులో ఆయన కర్ర మీద చెయ్యి వేశాడు. నేను గోడ వెనక ఎండిన సర్వీ కర్ర ఫట్‌మని విరిచాను. మన కూలీ షానవాజ్ చెప్పులు వదిలేసి గోడ దూకాడు. వాకిట్లో నిలబడ్డ పెద్దలంతా పరుగో పరుగు. జోసఫన్న కదల్లేదు. "పడితే ముందు నా మీదే పడాలి. కట్టినవాడే పారిపోతే, రేపు నమాజుకొచ్చేవాళ్లు ఏ ధైర్యంతో నిలబడతారు?" అన్నాడు.

ఆ చప్పుడు నాదని ఆయనకి చెప్పలేదు. కనిపెట్టాడేమో, నెల రోజులు కర్రల మోత నాకే వేశాడు. వదినా, నన్ను క్షమించు.

అయ్యా, ఈ షామియానా పక్కనున్న చర్చి గుమ్మటం ఆయన చివరి పని. పోసిన ఎనిమిదో నాడు గుండె ఆగింది. పోసి ఈ రోజుకి ఇరవై ఎనిమిది రోజులు నిండాయి, కర్రలు తీయాల్సిన రోజు. మట్టి చేసి వచ్చిన సాయంత్రం కూడా రెబ్కా వదిన గుమ్మటం పైకెక్కి, సిమెంటు గట్టిపడాలని గోనెపట్టాలు తడిపింది. ఎవరైనా చూశారా? నేను చూశాను.

మరి మీరేమంటున్నారు? మేస్త్రి పోయాడు, అరిష్టం, కూలగొట్టి మామూలు శ్లాబు వేద్దామని. అరిష్టమా? రోములోనే ఇంకో పెద్ద గుడి ఉంది. దాని గుమ్మటం గీసినాయన పూర్తికాకుండానే పోయాడు. వెనకవాళ్లు ఇరవై ఆరేళ్లకి పూర్తి చేశారు. ఇది చెప్పిందీ జోసఫన్నే. అప్పుడు నేను సగం నిద్రలో ఉన్నాను. ఎందుకు చెప్పాడో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ కర్రలు నిలబెట్టింది నేను. తీయాల్సిన మనిషి లేడు. నేను తీస్తాను.

అందరూ లేచి నిలబడండి. లోపలికి ఎవరూ రావద్దు, తలుపులు తీసే ఉంటాయి. రెండు నిమిషాలు దగ్గు కూడా వద్దు. నేను వెళ్లి నడిమి కర్ర తీస్తాను. చెవులు రిక్కించి వినండి. ఈసారి నా వైపు నుంచి తుంటరి పనేమీ లేదు. ఏ చప్పుడూ రాకపోతే, అదే జోసఫన్న మాట.

లేవండి.